బీరువాలో ముసురు: బట్టలకు బూజు ఎందుకు పడుతుంది, ఎట్లా ఆపాలి

జమ్మికుంట మార్కెట్ యార్డులో తేమ మిషన్ అంటే తెలియని మనిషి ఉండడు. పత్తిలో మిషన్ పెడతారు, అంకె చూస్తారు, ధర అక్కడికక్కడే తేలిపోతుంది. సీసీఐ లెక్క ప్రకారం 8 శాతం లోపు తేమ ఉన్న పత్తికే పూర్తి మద్దతు ధర. 8 నుంచి 12 మధ్య ఉంటే పెరిగిన కొద్దీ కోత. 12 దాటితే కొననే కొనరు. 2025–26 సీజన్‌కు పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే ఒక్క శాతం తేమ సుమారు 81 రూపాయల మాట. అందుకే రైతు పత్తిని కల్లంలో ఆరబోసి, తిరగేసి, మళ్లీ ఆరబోసి గానీ బండి ఎక్కించడు.

అదే పత్తి దారమై, బట్టయి, కుర్తా పైజామాగా ఇంటి బీరువాలోకి వచ్చాక మాత్రం తేమ సంగతి ఎవరూ పట్టించుకోరు. ముసురులో సగం ఆరిన బట్టను "రేపు ఇస్త్రీ చేసినప్పుడు ఆరుతది తీయ్" అని మడతపెట్టి లోపల పెట్టేస్తాం. రెండు నెలల తర్వాత ఎవరిదో నిఖా అని బీరువా తీస్తే షేర్వానీ కాలర్ మీద తెల్ల మచ్చలు, నల్ల బుర్ఖా మీద బూడిద రంగు చారలు, ముక్క వాసన. డబ్బు పెట్టి కొన్న జోడా తొడుక్కునేటట్టు ఉండదు. ఇంట్లో ఆయాసం ఉన్న పిల్లలుంటే ఆ వాసనకే దగ్గు మొదలవుతుంది.

బూజు అంటే ఇక్కడ గోడ మూలల్లో వేలాడే సాలెగూడు బూజు కాదు. రొట్టె మీద, మూత సరిగా పెట్టని అచార్ మీద వచ్చే బూజు. అది మొక్కా కాదు, పురుగూ కాదు, ఫంగస్. దాని విత్తనాల్లాంటి కణాలు కంటికి కనపడకుండా ప్రతి ఇంటి గాలిలోనూ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. వాటిని ఇంట్లోకి రాకుండా ఆపడం ఎవరి వల్లా కాదు. తిండి, వెచ్చదనం, తేమ దొరికినచోట అవి మొలుస్తాయి. తిండి అంటే పత్తి, పట్టు, తోలు, కాగితం, చెక్క, బట్టకంటిన చెమట, గంజి. ఇవన్నీ బీరువా నిండా ఉన్నాయి. వెచ్చదనం మన దగ్గర ఏడాదంతా ఉంది. మన చేతిలో ఉన్నది తేమ ఒక్కటే.

నీళ్లు ఉన్నది గాలిలో కాదు, బట్టల్లో

చాలామంది బీరువాలోకి తడి గాలి వెళ్లిందని, ఆ గాలిని ఎండబెడితే సరిపోతుందని అనుకుంటారు. లెక్క వేసి చూస్తే విషయం వేరేగా ఉంది.

30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమ ఉన్న గాలిలో ఒక్కో ఘనపు మీటరుకు సుమారు 24 గ్రాముల నీరు ఆవిరి రూపంలో ఉంటుంది. జూలై, ఆగస్టు నెలల్లో మన దగ్గర పొద్దున పూట గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. ఆరున్నర అడుగుల ఎత్తు, మూడు అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉన్న ఇనుప బీరువాలో పట్టే గాలి ఒక ఘనపు మీటరు కూడా ఉండదు. కాబట్టి ఆ గాలిలో ఉన్న నీరు మహా అయితే 20 గ్రాములు. నాలుగు చెంచాలు.

ఇప్పుడు బట్టల సంగతి. నూలు బట్ట చేతికి పొడిగా తగిలినా లోపల నీళ్లుంటాయి. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు 100 గ్రాముల ఎండిన నూలు ఎనిమిదిన్నర గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుకుంటుంది. బట్టల పరిశ్రమలో ఇది అందరూ వాడే లెక్క. పట్టు ఇంకా ఎక్కువ, 11 గ్రాములు. ఉన్ని అయితే 16 దాకా పోతుంది. పాలిస్టర్ మాత్రం అర గ్రాము కూడా పట్టదు. అంటే 20 కిలోల నూలు బట్టలున్న బీరువాలో, అన్నీ "ఆరిపోయాయి" అనుకున్నాక కూడా, కిలోన్నర పైనే నీళ్లున్నాయి. ముసురు పట్టి గాలిలో తేమ 85, 90కి పోతే అవే బట్టలు ఇంకో అర లీటరుకు పైగా తాగుతాయి.

ఈ లెక్క తెలిస్తే బూట్ల డబ్బాలో వచ్చిన చిన్న సిలికా జెల్ పొట్లాలు ఎందుకు పనిచేయవో అర్థమవుతుంది. సిలికా జెల్ తన బరువులో సుమారు మూడో వంతు నీటిని పీలుస్తుంది. 5 గ్రాముల పొట్లం పట్టేది గ్రాము, గ్రామున్నర. ఆరు వందల గ్రాముల నీటిని లాగాలంటే అలాంటివి 400 పొట్లాలు కావాలి. పైగా డబ్బా తెరిచి నాలుగు రోజులు బయట ఉంచిన పొట్లం అప్పటికే కడుపు నిండా నీళ్లు తాగి ఉంటుంది. మూత గట్టిగా పడే చిన్న డబ్బాలో నగలు, పాస్‌పోర్టు, కెమెరా పెట్టుకుంటే ఆ పొట్లాలు బాగానే పనికొస్తాయి. బట్టల బీరువాకు అవి కంటి తుడుపే.

గళ్ల ఉప్పు గిన్నెలో పోసి పెట్టడం ఇంకో అలవాటు. గాలిలో తేమ 75 శాతం దాటాకే ఉప్పు నీళ్లు లాగుతుంది. లాగిన తర్వాత అదే నీరై కారుతుంది. ఆ ఉప్పు నీళ్లు ఇనుప అరకు తగిలితే తుప్పు, జరీకి తగిలితే నలుపు. బజారులో దొరికే తేమ పీల్చే డబ్బాల్లో ఉండే కాల్షియం క్లోరైడ్ ఉప్పు కన్నా చాలా గట్టిగా పనిచేస్తుంది, డబ్బా అడుగున నీళ్లు చేరడం కంటికి కనిపిస్తుంది. కానీ అదీ అంతే, ఒరిగితే బట్టలు పాడు. పెట్టాలనుకుంటే అన్నింటికన్నా కింది అరలో, బట్టలకు తగలకుండా, నిండగానే తీసేసేటట్టు పెట్టాలి. బొగ్గు వాసన కొంచెం లాగుతుంది గానీ నీళ్ల లెక్క దానికి అందదు. గోడ బీరువాలో బల్బు వెలిగించి ఉంచే పాత పద్ధతి గురించి అయితే ఒకటే మాట, వద్దు. బట్ట జారి బల్బు మీద పడితే బూజు కాదు, ఇల్లే పోతుంది.

కాబట్టి అసలు పని బీరువా తలుపు వేసిన తర్వాత చేసేది కాదు. తలుపు వేయకముందు చేసేది. లోపలికి పోయే బట్ట ఎంత పొడిగా పోయిందన్నదే ఆ నాలుగు నెలల సంగతి తేలుస్తుంది.

పండుగ జోడా ఎందుకు ఎక్కువ పాడవుతోంది

ఈ మధ్య షేర్వానీలు, పండుగ బట్టలు ఎక్కువగా బూజు పడుతున్నాయని అనిపిస్తే దానికి ఓ కారణం క్యాలెండర్‌లోనే ఉంది. చాంద్ లెక్కన నడిచే మన పండుగలు ఏటా సుమారు 11 రోజులు ముందుకు వస్తాయి. 2015లో, 2016లో రంజాన్ ఈద్ జూలైలో పడింది. జోడా వానాకాలం మధ్యలోనే బయటికి వచ్చేది, గాలి తగిలేది, ఉతికి మళ్లీ పెట్టేవాళ్లు. 2025లో, 2026లో ఈద్ మార్చిలో వచ్చింది. అంటే ఎండాకాలం మొదట్లో తొడిగిన బట్ట, చెమటతో, అత్తరుతో, ఒక్కోసారి షీర్ ఖుర్మా మరకతో సహా లోపలికి పోయి, మొత్తం వానాకాలం చీకట్లో ఉండి, మళ్లీ ఏడాదికి గానీ బయటికి రావడం లేదు. బూజుకు ఇంతకన్నా మంచి మౌకా ఏముంటుంది?

"రెండు గంటలే కదా తొడిగింది, ఉతకడం ఎందుకు" అని చాలా ఇళ్లలో షేర్వానీని అట్లాగే హ్యాంగర్‌కు తగిలిస్తారు. ఆ రెండు గంటల్లోనే కాలర్‌కు, చంకల్లో, మెడ పట్టీకి చెమట దిగుతుంది. బూజు మొదట అక్కడే కనిపిస్తుంది, చూడండి. డ్రై క్లీనింగ్‌కు ఇచ్చి తెచ్చినా ఓ తప్పు జరుగుతుంది. దుకాణం వాళ్లు తొడిగిన ప్లాస్టిక్ కవర్‌తోనే బీరువాలో పెట్టేస్తారు. ఆ కవర్ దుకాణం నుంచి ఇంటిదాకా దుమ్ము పడకుండా ఉండటానికి. లోపల కొంచెం తేమ మిగిలి ఉన్నా అది బయటికి పోయే దారి ఉండదు. ఇంటికి రాగానే కవర్ తీసి, ఓ పూట గాలికి పెట్టి, పాత తెల్ల నూలు చీర ముక్కలోనో, దుపట్టాలోనో చుట్టి పెట్టాలి. జరీ పని ఉన్న ఖడా దుపట్టా, పెళ్లి జోడాకు ఇది మరీ ముఖ్యం. మడత ఒక్కచోటే ఉండకుండా రెండు మూడు నెలలకోసారి మార్చాలి.

నూలు కుర్తాలకు గంజి పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తొడుక్కునే ముందు పెడితే మంచిదే. గంజి పెట్టి వానాకాలం అంతా దాచడం మాత్రం బూజుకు దావత్ ఇచ్చినట్టే. దాచే బట్టను గంజి లేకుండా ఉతికి పెట్టాలి.

బుర్ఖా ఎక్కువగా పాలిస్టర్ రకం బట్ట కాబట్టి అది నీళ్లు తాగదు. మరి దానికెందుకు బూజు? బట్టకు కాదు, బట్ట మీద ఉన్న చెమట, తల నూనె, రోడ్డు దుమ్ముకు. వానలో తడిసిన బుర్ఖాను తలుపు వెనక మేకుకు తగిలించి, దాని మీద ఇంకోటి తగిలించడం మానుకుంటే సగం సమస్య పోతుంది. తోలు చెప్పులు, బెల్టులు, జాకెట్లు బట్టలున్న బీరువాలో అసలు పెట్టకూడదు. తోలుకు పట్టినంత తొందరగా బూజు వేరే దేనికీ పట్టదు.

తప్పు బీరువాదా, గోడదా

ఏటా ఒకే బీరువాలో, ఒకే మూలలో బూజు వస్తుంటే అనుమానించాల్సింది గోడను. బాత్‌రూమ్ గోడకు ఆనుకుని కట్టిన కప్‌బోర్డు, ట్యాంకు కింద పడిన గది, ఉత్తరం వైపు ఎండ తగలని గోడ, ఈ మూడూ మామూలుగా దొరికే దొంగలు.

పాత పెంకుటిళ్లలో మట్టి, సున్నం గోడలు తేమను పీల్చి మళ్లీ వదిలేసేవి. పెంకుల సందుల నుంచి గాలి ఆడేది. స్లాబు ఇల్లు వేసి సిమెంటుతో, ఆయిల్ పెయింట్‌తో మూసేశాక లోపలి తేమకు దారి లేకుండా పోయింది. ఇంట్లో వంట ఆవిరి, స్నానాల గది ఆవిరి, లోపల తాళ్ల మీద ఆరేసిన బట్టల నీళ్లు, మనుషుల ఊపిరి, అన్నీ లోపలే తిరుగుతుంటాయి. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో ముసురు రోజున గాలిలోనే దాదాపు 700 గ్రాముల నీరు ఉంటుంది. పాత ఇళ్లే మంచివని కాదు, వాటిలో చెదల గోస వేరే. కానీ స్లాబు ఇంట్లో గాలికి దారి మనమే చేయాలి.

తేమ గోడలోంచి వస్తోందా, గాలిలోంచి వస్తోందా తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. అనుమానం ఉన్నచోట గోడను పొడిగుడ్డతో తుడిచి, అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ కాగితమో, రొట్టెలు చుట్టే అల్యూమినియం ఫాయిలో పెట్టి నాలుగు వైపులా టేపు వేయాలి. రెండు రోజులాగి చూడాలి. కాగితానికి గోడ వైపు చెమ్మ పడితే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి. గది వైపు చెమ్మ పడితే గాలిలోని తేమ చల్లటి గోడకు తగిలి నీరవుతోంది. మొదటి దానికి మేస్త్రీ కావాలి. రెండో దానికి ఫ్యాను, కిటికీ చాలు. మేస్త్రీ అవసరం లేనిచోట వేలకు వేలు పోసి వాటర్‌ప్రూఫ్ చేయించినవాళ్లు, మేస్త్రీ అవసరం ఉన్నచోట ఏటా రంగు మాత్రమే వేయించుకుంటున్నవాళ్లు, ఇద్దరూ మన వాడల్లోనే ఉన్నారు.

గోడ అడుగున తెల్లగా పిండిలా పొంగితే అది బూజు కాకపోవచ్చు. కొంచెం గీకి నీళ్లలో వేస్తే కరిగిపోయిందంటే అది ఉప్పు. పునాది నుంచి గానీ పైప్ నుంచి గానీ నీళ్లు ఇటుకల్లోకి ఎక్కి, ఆరినప్పుడు ఉప్పును బయట వదిలాయన్న మాట. నీళ్ల దారి మూయకుండా దాని మీద రంగు వేస్తే ఆ రంగు నిలవదు.

రెండో రకం తేమ గురించి ఇంకొంచెం చెప్పాలి. 30 డిగ్రీల వేడిలో 80 శాతం తేమ ఉన్న గాలి, 26 డిగ్రీలు ఉన్న గోడకో ఇనుప రేకుకో తగిలితే చాలు, అక్కడే నీటి పొర పడుతుంది. నాలుగు డిగ్రీల తేడా అంతే. రాత్రి వాన కొట్టి బయటి గోడ చల్లబడితే, ఆ గోడకు ఆనించిన ఇనుప బీరువా వీపు కూడా చల్లబడుతుంది. అందుకే బీరువాలో వెనక వైపు ఉన్న బట్టలకే ముందు బూజు. బీరువాను గోడకు కనీసం నాలుగు వేళ్ల దూరం జరపాలి. బట్టలను లోపల వెనక రేకుకు ఆనించి కుక్కకూడదు. అర నిండా వేళ్లు దూరనట్టు కూరితే గాలి ఆడదు. ఇంకో బీరువా కొనడం కన్నా తొడగని బట్టలు కొన్ని ఇచ్చేయడమే నయం.

కూలర్ సంగతి మరిచిపోవద్దు. మన వైపు ఎండలకు కూలర్ లేకుండా మే నెల గడవదు, నిజమే. కూలర్ గాలిని చల్లబరిచేది నీళ్లు కలిపే. ఎండాకాలపు పొడి గాలిలో అది హాయి. మృగశిర దాటి వానలు పడ్డాక కూడా నీళ్లు పోసి నడిపిస్తే గది మొత్తం తడిసిన బస్తాలా తయారవుతుంది. వానలు మొదలయ్యాక కూలర్ నడపాలంటే నీళ్లు లేకుండా ఫ్యానులా నడపాలి. ఏసీ ఉన్న ఇళ్లలో దానికి వ్యతిరేకం. ఏసీ గాలిలోంచి నీళ్లు తీసేస్తుంది. ముసురు రోజుల్లో గంట సేపు 'డ్రై' మీద పెట్టి, ఆ సమయంలో బీరువా తలుపులు తెరిచి ఉంచితే మంచిది.

ఏసీ లేనివాళ్లు కిటికీలు ఎప్పుడు తెరవాలి? పొద్దున్నే కాదు. తెల్లవారుజామున, పొద్దున పూట గాలిలో తేమ శాతం ఎక్కువ. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య తక్కువ. 80 శాతం తేమ ఉన్న గాలి ఐదు డిగ్రీలు వేడెక్కితే 60 దగ్గరికి దిగుతుంది, నీళ్లు అవే ఉన్నా సరే. పత్తి ఏరేవాళ్లు మంచు ఆరినాకే చేనులోకి దిగుతారు, ఇదీ అదే లెక్క. వాన ఎడం ఇచ్చిన రోజున జొహర్ నమాజ్ అయ్యాక కిటికీలు, బీరువా తలుపులు తెరిచి ఫ్యాను తిప్పి, అసర్ దాటకముందే మూసేయాలి. బయట ఆరేసిన బట్టలూ అంతే. మగ్రిబ్ దాకా తాడు మీద ఉంచితే ఎండలో వదిలిన నీటిని మళ్లీ తాగుతాయి.

డాంబర్ గోళీలు, పసిపిల్లల బట్టలు

బీరువా అనగానే గుర్తొచ్చేవి డాంబర్ గోళీలు. కొందరు కలరా ఉండలంటారు. ఇవి బట్టలు కొట్టే పురుగుల కోసం. బూజును ఇవి ఆపవు, తేమను పీల్చవు. ముక్క వాసన మీద ఇంకో వాసన కప్పుతాయి అంతే. అయినా అలవాటుగా ప్రతి అరలో, ప్రతి సందూక్‌లో వేస్తున్నాం.

ఈ గోళీల్లో నాఫ్తలీన్ ఉండే రకం పసిపిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. కొందరి ఒంట్లో పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. మన దేశంలో ఇది అరుదేమీ కాదు, మగపిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది. మామూలుగా చూస్తే పిల్లవాడు బాగానే ఉంటాడు. నాఫ్తలీన్ చర్మం నుంచో, ఊపిరి నుంచో లోపలికి పోతే మాత్రం ఎర్ర రక్త కణాలు విరిగిపోతాయి. పుట్టిన బిడ్డలో దాంతో కామెర్లు తీవ్రంగా పెరిగి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. గోళీలు వేసి దాచిన బట్టలు, దుప్పట్లు వాడటం వల్ల పసిబిడ్డలు ఇట్లా జబ్బుపడిన సంగతులు వైద్య పత్రికల్లో దశాబ్దాలుగా నమోదవుతూనే ఉన్నాయి.

మన ఇళ్లలో దీనికి అవకాశం ఎక్కువ. కాన్పు కాగానే సందూక్‌లోంచి పెద్దబిడ్డ వాడిన చొక్కాలు, దాదీ దాచిన రజాయి, మెత్తటి పాత చీరలు తీస్తారు. ఛట్టి నాడు, చిల్లా నాడు తొడిగేవీ కొన్నిసార్లు దాచినవే. ప్రేమతో దాచినవే, కానీ గోళీల మధ్య దాచినవి. కాన్పు దగ్గరున్న ఇల్లయితే ఇప్పుడే ఆ బట్టలు బయటికి తీసి, సబ్బుతో ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా రోజుల తరబడి ఎండకు, గాలికి వేయాలి. వాసన ఏ కొంచెం మిగిలినా బిడ్డకు వాడొద్దు. పసిబిడ్డ ఉన్న గదిలో గోళీలు అసలు వద్దు. బిడ్డ కళ్లు, ఒళ్లు పచ్చబడినా, పాలిపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆగకుండా దవాఖానకు తీసుకుపోయి, "గోళీల బట్ట వాడాం" అన్న ముక్క డాక్టరుకు తప్పక చెప్పండి. అత్తగారికి, అమ్మకు కోపం వస్తుందని దాచొద్దు. కొంచెం నడిచే పిల్లలున్న ఇళ్లలో ఇంకో భయం, తెల్లగా మిఠాయిలా కనిపించే గోళీని నోట్లో వేసుకోవడం. ముద్దకర్పూరం కూడా మింగితే పిల్లలకు విషమే.

పురుగులకు భయపడితే దారి ఒక్కటే. శుభ్రంగా ఉతికి, బాగా ఎండబెట్టి, మూత గట్టిగా పడే పెట్టెలో పెట్టాలి. పురుగు కూడా చెమట మరకలున్న బట్టనే వెతుక్కుంటుంది. ఎండిన వేపాకు గుడ్డలో కట్టి పెట్టడం పాత అలవాటు. పెట్టుకోవచ్చు, పచ్చి ఆకు మాత్రం కాదు. అది దాని తేమనే బట్టలకు ఇస్తుంది.

పట్టిన బూజు వదిలించడం

బూజు పట్టిన బట్టను గదిలో దులిపితే అది ఇల్లంతా చేరుతుంది. మూటగా కట్టి డాబా మీదికో, వాకిట్లోకో తీసుకుపోవాలి. ముక్కుకు మాస్క్ కట్టుకోవాలి. ముందు ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, తర్వాత మెత్తటి బ్రష్‌తో రాలగొట్టాలి. తడిగా ఉండగా రుద్దితే మరక పోగులోకి దిగుతుంది. ఆ తర్వాత బట్ట తట్టుకునేంత వేడి నీళ్లలో సబ్బు పొడితో ఉతికి మళ్లీ ఎండ. ముక్క వాసన పోకపోతే చివరిసారి జాడించే నీళ్లలో కొంచెం తెల్ల సిర్కా కలపొచ్చు. తెల్ల నూలు బట్టలకు మాత్రమే బ్లీచ్, అదీ సీసా మీద రాసిన కొలతలో. పట్టుకు, ఉన్నికి, రంగు బట్టలకు బ్లీచ్ వద్దు. పట్టు, జరీ ఉన్నవాటిని ఇంట్లో ఉతకకుండా నీడలో ఆరబెట్టి, పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, బూజు పట్టిందని చెప్పి డ్రై క్లీనింగ్‌కు ఇవ్వాలి. నల్లటి చుక్కలు లోపలికి దిగి ఉంటే అవి ఏం చేసినా పూర్తిగా పోవు. అది ఒప్పుకోవడమే మంచిది, బట్ట చిరిగేదాకా రుద్దడం కన్నా.

బ్లీచ్‌ను సిర్కాతో గానీ, బాత్‌రూమ్ కడిగే యాసిడ్‌తో గానీ, అమ్మోనియా ఉన్న వాటితో గానీ కలపకూడదు. విష వాయువు వస్తుంది. తలుపులు మూసిన బాత్‌రూమ్‌లో దాన్ని పీల్చితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. రెండూ కలిపితే ఇంకా బాగా తెల్లబడుతుందనుకుని చేసేవాళ్లున్నారు కాబట్టి ఇంత గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

బీరువాను ఖాళీ చేసి సబ్బు నీళ్లతో తుడిచి, తలుపులు తెరిచి ఒక రోజంతా ఆరనివ్వాలి. ప్లైవుడ్ అర ఉబ్బి, పొరలు విడిపోయి ఉంటే దాన్ని తుడవడం వృథా, మార్చాల్సిందే.

వరద నీళ్లలో మునిగిన బట్టల లెక్క వేరు. 2023 జూలై ఆఖరులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానలకు భూపాలపల్లి పక్కన మోరంచపల్లి ఊరే మునిగింది. అలాంటప్పుడు 24 నుంచి 48 గంటల లోపు తీసి ఆరేయగలిగినవే దక్కుతాయి, ఆ తర్వాత బూజు మొదలవుతుంది. ముందు కొత్త బట్టలు కాదు, పరుపులు, రజాయిలు బయటికి తీయాలి. అవి ఎక్కువ నీళ్లు తాగుతాయి, ఆలస్యంగా ఆరతాయి. మురికి నీళ్లలో నానిన దూది పరుపును ఉంచుకోకపోవడమే మేలు.

ఆరోగ్యం మాటకొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలో తేమ, బూజు గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. తేమ, బూజు ఉన్న ఇళ్లలో ఉండేవాళ్లకు దగ్గు, పిల్లికూతలు, శ్వాస ఇన్ఫెక్షన్లు ఎక్కువని, ఆస్తమా ఉన్నవాళ్లకు అది ముదురుతుందని అందులో తేల్చింది. ఆయాసం ఉన్న పిల్లలు పడుకునే గదిలోంచి బూజు బీరువాను ముందు కదిలించాలి. దులిపే పనికి వాళ్లను, షుగర్ అదుపులో లేనివాళ్లను, క్యాన్సర్ మందులు, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లను పెట్టకూడదు. ఇంకో అపోహ ఉంది. గోడ మీద నల్ల బూజు కనపడగానే "బ్లాక్ ఫంగస్" అని హడలిపోతున్నారు. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం తప్పక నివేదించాల్సిన జబ్బుగా ప్రకటించిన మ్యూకోర్‌మైకోసిస్ వేరే రకం ఫంగస్‌తో వస్తుంది. దానికి ఆ పేరు వచ్చింది ఒంట్లో చచ్చుబడిన భాగం నల్లబడటం వల్ల, గోడ మీది నలుపు వల్ల కాదు.

ఎప్పుడు చేయాలి

రోహిణి కార్తె ఎండలను తిట్టుకుంటాం గానీ బీరువాకు అంతకన్నా మంచి రోజులు ఏడాదిలో లేవు. మే చివరి వారంలో అన్నీ బయటికి తీసి ఉతికినవి ఉతికి, రంగు బట్టలను తిరగేసి, పట్టును నీడలో, రజాయిలను నేరుగా ఎండలో వేయాలి. సాయంత్రం కాకముందే తీసి, నీడలో ఓ అరగంట వేడి తగ్గనిచ్చి మడతపెట్టాలి. ఇస్త్రీ చేసినవి కూడా వేడి ఆవిరి పోయాకే లోపలికి. కొన్ని వందల రూపాయలకు తేమ చూపే చిన్న డిజిటల్ మీటర్లు దొరుకుతున్నాయి. ఒకటి బీరువాలో పెట్టుకుంటే 60 లోపు ఉన్నంతకాలం భయం లేదు, 70 దాటి రోజుల తరబడి ఉంటే తలుపులు తెరవాలి. ఆగస్టులో వాన తెరిపి ఇచ్చినప్పుడు ఓసారి, వానలు వెళ్లాక అక్టోబరులో ఓసారి మళ్లీ చూసుకోవాలి.

బట్టలతోపాటు బీరువాలో ఉండేవి ఇంకొన్ని ఉన్నాయి, బట్టలకన్నా విలువైనవి. నిఖానామా, పట్టాదారు పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు. వీటిని బట్టల మధ్య పెడితే బట్టల తేమ కాగితాలకు పోతుంది. వేరే డబ్బాలో, మూత గట్టిగా పడేదాంట్లో పెట్టాలి. సిలికా పొట్లాలకు అసలైన చోటు ఇదే, తాజావి నాలుగైదు వేస్తే పనిచేస్తాయి. తేమ ఉన్న కాగితాన్ని లామినేషన్ చేయిస్తే బూజు లోపలే పెరుగుతుంది, మళ్లీ విడదీయడం కుదరదు. తడిసిన కాగితాలను ఎండలో వేయొద్దు, సిరా వెలిసిపోతుంది. ఇస్త్రీ కూడా వద్దు. ఫ్యాను కింద విడివిడిగా పరిచి, మధ్యలో తెల్ల కాగితాలు పెట్టి, అవి తడిసినప్పుడల్లా మార్చాలి. న్యూస్ పేపర్ వాడితే దాని సిరా అంటుకుంటుంది.

ఖురాన్ షరీఫ్‌ను జుజ్దాన్‌లో చుట్టి ఎత్తైన గూట్లో పెడతాం. రోజూ తెరిచి చదివే ఖురాన్‌కు బూజు పట్టదు, ఏడాదికోసారి దించేదానికే పడుతుంది. గూడు బయటి గోడలో ఉంటే అక్కడి నుంచి మార్చాలి, లేదంటే గోడకు తగలకుండా రిహల్ మీద పెట్టాలి. జుజ్దాన్ నూలు గుడ్డది అయితే మేలు, ప్లాస్టిక్ కవర్ తీసేయాలి. పేజీలకు బూజు పట్టి ఉంటే నీడలో గాలికి ఆరనిచ్చి, మెత్తటి పొడి బ్రష్‌తో బైండింగ్ వైపు నుంచి బయటికి మెల్లగా తుడవాలి, తడి గుడ్డ వాడొద్దు. చదవడానికి వీల్లేకుండా పాడైనవాటిని ఏం చేయాలో మస్జిద్‌లో ఇమామ్ సాబ్‌ను అడగండి. చాలా మస్జిదుల్లో వాటి కోసం వేరే పెట్టె ఉంటుంది.